స్కేటింగ్ హాల్లో దాచిన గొంతు

లండన్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లో ఓ ఫొటో తప్పకుండా ఉంటుంది. జీబ్రా క్రాసింగ్ మీద నలుగురు ఒకరి వెనక ఒకరు నడుస్తుంటారు. వెనకాల కారువాడు హారన్ కొట్టలేక, ముందుకు పోలేక చూస్తుంటాడు. అదే అబ్బే రోడ్డు. 1969లో బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీద ఆ క్రాసింగ్ ఫొటో పడింది. అప్పట్నుంచి ఆ రోడ్డుకి ప్రశాంతత లేదు.

మొన్న శనివారం మేమూ వెళ్లాం. మా రూమ్మేట్‌కి ఫొటో కావాలి, నాకు వద్దు. పది నిమిషాలు క్యూలో నిలబడి వాడి ఫొటో తీశాక, “ఇప్పుడు నా వంతు. ఇంకో చోటుకెళ్దాం, ఇరవై నిమిషాల నడక” అన్నాను.

“అక్కడ ఏముంది?”

“ఓ గోడ.”

వాడు నా మొహంలోకి ఓసారి చూసి, జేబులో చేతులు పెట్టుకుని నడిచాడు. స్నేహితుడంటే అలా ఉండాలి.

మైదా కాదు, మేడా

మేం వెళ్లింది మేడా వేల్. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలు మన పద్ధతిలో చదివితే అచ్చంగా మైదా పిండే. మావాడు అలాగే చదివాడు. ఆ పేరు వెనకున్నది మాత్రం ఓ యుద్ధం. 1806లో ఇటలీ దక్షిణ కొసన ఉన్న మైదా అనే ఊరి దగ్గర బ్రిటిష్ సైన్యం ఫ్రెంచ్ వాళ్లని ఓడించింది. ఆ గెలుపు గుర్తుగా ఇక్కడో సారాయి కొట్టుకి ‘హీరో ఆఫ్ మేడా’ అని పేరు పెట్టారు. కొట్టు పేరు రోడ్డుకీ, రోడ్డు పేరు పేటకీ అంటుకున్నాయి.

ఇక్కడి ట్యూబ్ స్టేషన్‌కీ ఓ కథుంది. అది 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో తెరుచుకుంది. మగవాళ్లంతా యుద్ధానికి పోవడంతో స్టేషన్ మొత్తాన్నీ ఆడవాళ్లే నడిపారు. కాస్త దక్షిణంగా వారింగ్టన్ క్రెసెంట్‌లో, ఇప్పుడు హోటల్‌గా ఉన్న భవనంలో 1912లో అలాన్ ట్యూరింగ్ పుట్టాడు. మీరిది చదువుతున్న ఫోన్‌కి ఓ రకంగా ముత్తాత అనుకోవచ్చు. గోడకి నీలం రంగు ఫలకం కూడా ఉంది.

ఎర్ర ఇటుకల పాత అపార్ట్‌మెంట్లు, వాటి ముందు పెద్ద పెద్ద చెట్లు. పిల్లల్ని బండిలో తోసుకుంటూ వెళ్లే తల్లులు తప్ప జనం లేరు. డెలావేర్ రోడ్డులోకి తిరగ్గానే ఆ ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్నట్టుండి ఓ పొట్టి భవనం కనిపించింది. తెల్లగా, పొడవుగా, నేలకి అతుక్కుపోయినట్టు ఉంది.

“ఇదేంట్రా, గోడౌన్‌లా ఉంది” అన్నాడు మావాడు.

నిజానికి ఇది స్కేటింగ్ హాలు. కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరగడం లండన్‌లో పెద్ద పిచ్చిగా ఉన్న రోజుల్లో, 1909లో, ‘మేడా వేల్ రోలర్ స్కేటింగ్ ప్యాలెస్’గా మొదలైంది. ఆ పిచ్చి రెండు మూడేళ్లలో దిగిపోయింది, హాలు మూతపడింది. 1930లలో బీబీసీ వచ్చి దీన్ని స్టూడియోలుగా మార్చింది. లోపల నేల కిందికంటా గదులున్నాయి. అన్నిటికన్నా పెద్ద స్టూడియోలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా మొత్తం కూర్చుని వాయించేది.

1977 అక్టోబర్‌లో అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ తన చివరి పాటలు ఇక్కడే రికార్డు చేశాడు. మూడు రోజుల తర్వాత స్పెయిన్‌లో గోల్ఫ్ ఆడి వస్తూ కుప్పకూలిపోయాడు. బీటిల్స్ కూడా ఇక్కడ పాడారు. అయినా ఇక్కడ క్యూ లేదు, ఫొటోలు లేవు. ఎదురుగా పిట్టగోడ మీద కూర్చున్నది మేమిద్దరమే.

ఒక్క రోజు, నాలుగు పాటలు

నేను వచ్చింది క్రాస్బీ కోసమూ కాదు, బీటిల్స్ కోసమూ కాదు. నా సంచిలో ఓ వినైల్ రికార్డు ఉంది. పొద్దున ఓ సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాను. పేరు ‘మేడా వేల్ సెషన్స్’. బ్యాండ్ పేరు ‘బ్రాడ్‌కాస్ట్’. ఇంట్లో రికార్డు ప్లేయర్ లేదు. అయినా కొన్నాను. ఎందుకన్నది తర్వాత చెప్తా.

ముందు ఈ ‘సెషన్’ సంగతి. మన కాలంలో పాట వినాలంటే వేలితో ఓ నొక్కు నొక్కితే చాలు. అప్పటి బ్రిటన్‌లో రేడియోవాడికే ఆ స్వేచ్ఛ లేదు. వాయిద్యకారుల యూనియన్, రికార్డు కంపెనీలు, బీబీసీ కలిసి ఓ ఒప్పందం రాసుకున్నాయి. దాన్ని ‘నీడిల్ టైమ్’ అనేవాళ్లు, అంటే రికార్డు మీద సూది తిరిగే సమయం. రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వేయాలి, మిగతా టైమ్‌కి మనుషుల్ని పిలిచి వాయించాలి. రికార్డులే వేస్తూ కూర్చుంటే వాయించేవాళ్ల పొట్ట గడిచేదెలా అన్నది యూనియన్ భయం. ఇప్పుడు ఏఐ పాటల గురించి మనం పడుతున్న భయం లాంటిదే.

ఈ నియమం 1988 దాకా నడిచింది. యూనియన్ వాళ్లు ఊహించి ఉండరు గానీ, దీనివల్ల ఓ మేలు జరిగింది. రేడియోకి పాటలు కావాలి కాబట్టి ఎవరికీ తెలియని కుర్ర బ్యాండ్లకి కూడా బీబీసీ స్టూడియోలో ఒక రోజు దొరికేది. రేడియో 1లో రాత్రిపూట కార్యక్రమం చేసే జాన్ పీల్ ఈ అవకాశాన్ని పండగలా వాడుకున్నాడు. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా ఆయన కార్యక్రమం కోసం నాలుగు వేలకు పైగా సెషన్లు రికార్డయ్యాయి. నీడిల్ టైమ్ పోయినా ఆయన సెషన్లు మాత్రం ఆగలేదు. వాటిలో చాలా వరకు తయారైంది ఈ తెల్ల భవనంలోనే.

పద్ధతి సింపుల్. మధ్యాహ్నానికి సామాన్లు దించుకోవాలి. సాధారణంగా నాలుగు పాటలు. వాయించడం, గొంతు కలపడం, మిక్సింగ్, అన్నీ రాత్రికల్లా అయిపోవాలి. ఆ ప్రొడ్యూసర్, ఇంజినీర్ బీబీసీ ఉద్యోగులు. రేపు మళ్లీ ఇంకో బ్యాండ్ వస్తుంది కాబట్టి “ఇంకోసారి ట్రై చేద్దాం” అనే మాటకి పెద్దగా చోటు లేదు. పీల్ సాధారణంగా అక్కడ ఉండేవాడే కాదు. అందరిలాగే ఆయనా రేడియోలో వినడమే.

1986లో ఈ సెషన్లని వినైల్ రికార్డులుగా తేవడానికి ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ అనే లేబుల్ పుట్టింది. అందులో మొట్టమొదటిది 1982లో న్యూ ఆర్డర్ అనే మాంచెస్టర్ బ్యాండ్ చేసిన సెషన్. సింథసైజర్ పాటల చరిత్రలో వీళ్లది పెద్ద పేరు. రేడియోలో ఓ రాత్రి మోగి గాల్లో కలిసిపోవాల్సిన పాటలు అలా ఇళ్లలో నిలిచిపోయాయి. ఇప్పటికీ ఏదో ఒక బ్యాండ్ పాత సెషన్లు వినైల్ మీద వస్తూనే ఉన్నాయి.

అన్నిటికీ ఆ అదృష్టం దక్కలేదు. అరవైల్లో, డెబ్బైల్లో టేపు ఖరీదైన వస్తువు. ఒకసారి ప్రసారమయ్యాక దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. అలా చెరిగిపోయిన పాటలు బోలెడు.

బ్లేడుతో కోసి అతికించిన పాట

ఈ భవనంలోనే ఇంకో వింత ఉండేది. 1958లో ఇక్కడ బీబీసీ ‘రేడియోఫోనిక్ వర్క్‌షాప్’ మొదలైంది. నాటకాలకి, సైన్స్ కార్యక్రమాలకి భూమ్మీద లేని శబ్దాలు తయారుచేయడం దీని పని. తలుపు చప్పుడు, సీసా మూత, బల్బు మీద పెట్టే రేకు డొప్ప, ఏది మోగితే అది రికార్డు చేసి, టేపుని బ్లేడుతో కోసి, వేగం మార్చి, అతికించి పాటగా చేసేవాళ్లు.

కావెంట్రీ నుంచి వచ్చిన డెలియా డెర్బీషైర్ ఇక్కడ పనిచేసేది. గణితం, సంగీతం రెండూ చదువుకున్న మనిషి. 1963లో ‘డాక్టర్ హూ’ సీరియల్ టైటిల్ మ్యూజిక్‌ని తయారుచేసింది ఆమే. బాణీ రాన్ గ్రెయినర్‌ది. ఆ స్వరాల్ని శబ్దంగా మార్చింది డెలియా. అప్పటికి వాళ్ల దగ్గర సింథసైజర్ లేదు. ఒక్కో స్వరానికి ఒక్కో టేపు ముక్క. వినేవాళ్లకి అదేదో వేరే గ్రహం నుంచి వచ్చినట్టు ఉండేది. డెలియా పేరు మాత్రం తెరమీద పడలేదు. ఆమె 2001లో చనిపోయింది. టైటిల్స్‌లో పేరు వచ్చింది 2013లో, సీరియల్ యాభయ్యో ఏట.

వర్క్‌షాప్‌ని 1998లో మూసేశారు. దానికి రెండేళ్ల ముందు బర్మింగ్‌హామ్ నుంచి కొందరు కుర్రాళ్లు, ఓ అమ్మాయి తొలి సెషన్ కోసం ఈ గుమ్మంలోంచే లోపలికి వెళ్లారు.

ప్రసారం అనే పేరున్న బ్యాండ్

ఆ అమ్మాయి ట్రిష్ కీనన్. పక్కన బేస్ గిటార్‌తో జేమ్స్ కార్గిల్. బ్యాండ్ పేరు ‘బ్రాడ్‌కాస్ట్’, అంటే ప్రసారం. రేడియో భవనంలోకి ఆ పేరుతో వెళ్లడం ఎంత బాగుందో చూడండి.

వాళ్లది సింథ్‌పాప్ అని ఒక్క ముక్కలో తేల్చలేం. పాత సింథసైజర్లు, ఆర్గాన్లు, అరవైల సినిమా పాటల వాసన, మధ్యలో డెలియా వాళ్ల వింత శబ్దాలు. రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అంటే వాళ్లకి ఎంత ఇష్టమో పాటలు వింటేనే తెలిసిపోతుంది. ఆ శబ్దాలు పుట్టిన భవనంలో, ఆ శబ్దాల్ని ప్రేమించిన పిల్లలు పాడారు. ఇంత గొడవ మధ్యలో ట్రిష్ గొంతు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. అరవదు, బతిమాలదు. పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నట్టు పాడుతుంది.

1996 నుంచి 2003 మధ్య చేసిన నాలుగు సెషన్లు ఈ రికార్డులో ఉన్నాయి. వార్ప్ రికార్డ్స్ 2022 మార్చిలో విడుదల చేసింది. గతంలో తమ కచేరీల దగ్గర మాత్రమే అమ్మిన ఇంకొన్ని డిస్కులు కూడా అదే రోజు వినైల్ మీద మళ్లీ వచ్చాయి.

పిట్టగోడ మీద కూర్చుని ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకున్నాం. వీళ్ల మొదటి పూర్తి ఆల్బమ్ ‘ద నాయిస్ మేడ్ బై పీపుల్’ 2000లో వచ్చింది. అది చెక్కడానికి ఏళ్లు పట్టింది. అందులో ప్రతి శబ్దం ఉండాల్సిన చోటే ఉంటుంది, దుమ్ము దులిపిన షోకేసులా. సెషన్‌లో అదే పాట వింటే వేరు. డ్రమ్స్ కాస్త తొందరపడతాయి. సింథసైజర్ ఒక్కోసారి గొంతు మీదికొస్తుంది. గది ఎంత పెద్దదో చెవికి తెలుస్తుంది. ‘ఎకోస్ ఆన్సర్’ అనే పాటలో దరువే ఉండదు. ఓ సన్నటి సింథసైజర్ చప్పుడు, ట్రిష్ గొంతు, అంతే. మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించినట్టే అనిపించింది.

“ఈవిడ ఇప్పుడేం పాడుతోంది?” అడిగాడు మావాడు.

2010 డిసెంబర్‌లో బ్యాండ్ ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ ట్రిష్‌కి స్వైన్ ఫ్లూ సోకింది. ఇంటికొచ్చాక న్యుమోనియాగా ముదిరింది. 2011 జనవరి 14న చనిపోయింది. నలభై రెండేళ్లు.

వాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయలేదు. పాట అయ్యేదాకా ఇద్దరం ఆ గోడనే చూస్తూ కూర్చున్నాం.

పదకొండు సెకన్లు

రికార్డు ప్లేయర్ లేకుండా రికార్డు ఎందుకు కొన్నానో ఇప్పుడు చెప్తా.

మా అమ్మమ్మకి టైపు చేయడం రాదు. వాట్సాప్‌లో వాయిస్ నోట్లు పంపేది. నేను ఇక్కడికొచ్చిన కొత్తల్లో రోజుకి మూడు నాలుగు వచ్చేవి. సగం వినేవాడిని కాదు. క్లాసులో ఉన్నా, పనిలో ఉన్నా, తర్వాత విందాంలే అనుకునేవాడిని. రెండేళ్ల క్రితం ఆవిడ పోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకి ఫోన్ పాడై రిపేర్‌కి ఇస్తే మొత్తం తుడిచేసి ఇచ్చారు. బ్యాకప్ పెట్టుకోలేదు. తప్పు నాదే.

మిగిలింది ఒక్కటి. ఎప్పుడో నవ్వొచ్చి మా చెల్లికి ఫార్వర్డ్ చేసింది. పదకొండు సెకన్లు. “ఏరా, తిన్నావా? అక్కడ చలంటగా, స్వెట్టరేసుకో...” అంటుండగా కుక్కర్ విజిల్ వేస్తుంది. “ఉండు, పప్పు...” అని ఆగిపోతుంది. అంతే.

స్టూడియోలో కూర్చోబెట్టి మంచి మైకు పెట్టి ఆవిడ చేత మాట్లాడించి ఉంటే ఆ కుక్కర్ ఉండేది కాదు. ఇప్పుడు నాకు ఆ కుక్కరే కావాలి. ఆ విజిల్‌లో మా వంటిల్లు ఉంది, మధ్యాహ్నం ఉంది, పొయ్యి మీద పప్పు ఉంది. బ్రాడ్‌కాస్ట్ సెషన్లు విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి చెక్కిన ఆల్బమ్‌లో పాట ఉంటుంది. ఒక్కరోజులో ముగించిన సెషన్‌లో ఆ రోజు కూడా ఉంటుంది.

ఆ టేపుల్ని ఎవరో చెరపకుండా బీరువాలో పెట్టారు, ఇంకెవరో ఇన్నేళ్లకి బయటికి తీశారు. అందుకే ట్రిష్ గొంతు ఈ గోడ ముందు నాకు వినిపిస్తోంది. స్ట్రీమింగ్‌లో ఎలాగూ ఉందిగా అంటారు. ఉంది. కానీ ఫోన్లో ఉన్నది ఉన్నట్టుండి ఎలా పోతుందో నాకు తెలుసు. చేత్తో పట్టుకునేది ఒకటి ఉండాలనిపించింది.

గోడకి కొత్త యజమానులు

ఈ భవనం కథా ఆఖరికి వచ్చిందనే అనుకున్నారు. 2018లో బీబీసీ ఇక్కణ్నుంచి తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌కి మారతామని ప్రకటించింది. పాత భవనం, మరమ్మతుల ఖర్చు, కొత్త అవసరాలు, వాళ్ల లెక్కలు వాళ్లవి. సంగీతకారులు గొడవ చేశారు. స్థలం విలువ చూస్తే ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తాయనే భయం అందరిదీ. 2020లో దీన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. అంటే ఇష్టమొచ్చినట్టు కూల్చడానికి వీల్లేదు.

2023లో కోటీ అయిదు లక్షల పౌండ్లకి అమ్ముడైంది. కొన్నవాళ్లలో హాన్స్ జిమ్మర్ ఉన్నాడు. అవును, ‘ఇంటర్‌స్టెల్లార్’కి సంగీతం ఇచ్చిన ఆయనే. ఇద్దరు సినిమా నిర్మాతలు, తన వ్యాపార భాగస్వామితో కలిసి కొన్నాడు. దీన్ని స్టూడియోగానే ఉంచుతామన్నారు. జిమ్మర్ కూడా మొదట్లో సింథసైజర్ కుర్రాడే. 1979లో వచ్చిన ‘వీడియో కిల్డ్ ద రేడియో స్టార్’ పాట వీడియోలో కాసేపు కీబోర్డుల వెనక కనిపిస్తాడు. వీడియో వచ్చి రేడియోని చంపేసిందన్న పాటలో కనిపించిన మనిషే రేడియో భవనాన్ని కొనుక్కున్నాడు.

సైడు తిరగేశాక

సాయంత్రం మళ్లీ పొద్దుటి షాపుకే వెళ్లాం. “మీ దగ్గరే కొన్నాను, ఒక్క సైడు వినొచ్చా?” అని అడిగాను. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన అట్ట చూసి, ఏమీ అనకుండా చేతులు తుడుచుకుని రికార్డు తీసుకున్నాడు. సూది దించాడు. ముందు చిన్న చిటపట, తర్వాత డ్రమ్స్, ఆ తర్వాత ఆమె.

నాలుగు పాటలంటే దాదాపు ఒక సైడు. స్కిప్ కొట్టేది లేదు, మధ్యలో నోటిఫికేషన్ లేదు. షాపులో రికార్డులు వెతుక్కుంటున్న ఒకావిడ చేతులు ఆపి నిలబడింది. సైడు అయిపోయి సూది ఖాళీ గాడిలో తిరుగుతుంటే, పెద్దాయన అడక్కుండానే తిరగేసి రెండో వైపు వేశాడు.

తిరుగు ప్రయాణంలో ట్యూబ్‌లో సిగ్నల్ లేదు. పైకి రాగానే చెల్లికి మెసేజ్ పెట్టాను, అమ్మమ్మది ఇంకోసారి పంపవే అని. ఇప్పుడది మూడు చోట్ల ఉంది. పక్క సీట్లో మావాడు తల వంచుకుని ఫోన్లో ఏదో వెతుకుతున్నాడు. వాళ్ల నాన్న పంపిన పాత వాయిస్ నోట్లు.

వెళ్లాలనుకుంటే

బేకర్లూ లైన్‌లో మేడా వేల్ స్టేషన్‌లో దిగితే డెలావేర్ రోడ్డుకి కొద్ది నిమిషాల నడక. లోపలికి సందర్శకుల్ని రానివ్వరు, బయటినుంచి చూడ్డమే. చుట్టూ ఇళ్లు కాబట్టి స్పీకర్ పెట్టకండి, ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్లండి. అక్కణ్నుంచి దక్షిణంగా నడిస్తే వారింగ్టన్ క్రెసెంట్‌లో ట్యూరింగ్ ఫలకం, ఇంకాస్త ముందుకెళ్తే లిటిల్ వెనిస్ కాలవలు, రంగురంగుల పడవలు. ఒక పూట సరిపోతుంది. వాటర్ బాటిల్, గొడుగు తప్పనిసరి. లండన్ వాన చెప్పి రాదు.